మూత మీద సుద్దగీత

గిన్నెల మూతలు తీయడంలో మార్తమ్మకు ఒక వరస ఉంది. ముందు అన్నం, తర్వాత కూరలు, చివర పులుపు తగిలినవి. అన్నాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. జిగురు తగిలితే ఆ గిన్నెను పక్కకు నెట్టేస్తుంది. కూరను అడుగు నుంచి కలిపి, అరచేతిలో ఇంత వేసుకుని తింటుంది. తిని అరగంట ఆగుతుంది. ఆ తర్వాతే కొంగుకు ముడివేసుకున్న సుద్దముక్క తీసి మూత మీద అడ్డంగా ఒక గీత గీస్తుంది. గీత పడిన గిన్నెనే ఆమె తమ్ముడు గిడియోన్ ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తాడు. గీత లేని గిన్నె పెళ్లికొడుకు తండ్రి వచ్చి బతిమాలినా కదలదు.

ఐదేళ్ల కిందట శామీర్‌పేట దారిలోని ఈ ఫంక్షన్ హాల్లోనే ఆమె గిన్నెలు తోమేది. మిగిలిన అన్నమంతా వెనక గుంతలో పోసి, జనం గేటు దగ్గర గుమిగూడతారని దాని మీద ఫినాయిల్ పోయించేవారు. ఒకరోజు ఆమె ఫినాయిల్ డబ్బా పట్టుకున్న చేతిని పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు తొమ్మిది హాళ్లలో మిగిలిన భోజనాన్ని కూలీల క్యాంపులకు చేరుస్తున్న ‘తొలిముద్ద’ సంస్థ అక్కడ పుట్టింది. హాలు యజమాని నరసింహ ఇప్పుడు దానికి అధ్యక్షుడు. ప్రతి సభలోనూ ఆ కథ ఆయనే చెబుతాడు, బాగా చెబుతాడు కూడా. గుంత తవ్వించింది ఎవరన్న సంగతి మాత్రం ఎప్పుడూ ఆయన నోటికి రాదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి చివరి బంతి లేచింది. బగారన్నం రెండు గిన్నెలు, వంకాయ కూర ఒకటి, దాల్చా ఒకటి మిగిలాయి. ఎండ రేకుల మీద నుంచి దిగి వంటశాలలోనే కూర్చుంది. మార్తమ్మ నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. ఈస్టర్‌కు ముందటి శ్రమల దినాలు, శుక్రవారం, ఉపవాసం. సాయంత్రం ఆరింటికి మచ్చ బొల్లారం చర్చిలో ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టదు. గిడియోన్‌దీ అదే కథ. శుక్రవారాలు రుచి చూసే పని అల్వాల్ సుశీలది. సుశీల ఆ రోజు తల్లిని కంటి ఆపరేషన్‌కు తీసుకెళ్లింది.

అన్నం నలిపింది, బాగుంది. వంకాయ కూరలో నూనె పైకి తేలి ఉంది, భయం లేదు. దాల్చా మూత తీసింది. సొరకాయ ముక్కలు, కరివేపాకు, చింతపండు ఘాటు. వంగి వాసన చూసింది. పులుపు ముక్కుకు కొట్టింది. చింతపండు పులుపో, పప్పు పులిసిందో ముక్కుకు తెలియదు. దాల్చాతో వచ్చిన చిక్కే అది. దాన్ని నాలుకే తేల్చాలి.

“బక్కన్నా, దాల్చా ఎప్పుడు దించినవ్?” అని అడిగింది.

వంటమాస్టర్ బక్కయ్య గాడిపొయ్యి మీద నీళ్లు చల్లుతున్నాడు. “పదింటికి దించిన. మేమందరం తిన్నం గద. మస్తుగున్నది. పరేషాన్ గాకు.”

“ఎన్నింటికి తిన్నరు?”

“పన్నెండున్నర అయితుండె.”

ఆమె లెక్క వేసుకుంది. రెండున్నర గంటలు, మూత పెట్టిన గిన్నె, ఈ ఎండ.

“అక్కా, జల్దీ జెయ్యి,” ట్రాలీ దగ్గర నుంచి గిడియోన్ అరిచాడు. “కండ్లకోయ కంపెనోళ్లు క్యాంపుకు బయలెల్లిండ్రంట. నరసింహన్న మూడుసార్లు ఫోన్ జేసిండు.”

కంపెనీవాళ్లు ఇస్తామన్నది అన్నం చెడకుండా దాచే చల్లటి బండి. అదొస్తే ఇప్పుడున్న నాలుగు లేబర్ క్యాంపులకు ఇంకో ఆరు తోడవుతాయి. మేడ్చల్ అవతల ఇటుక బట్టీల దాకా వెళ్లొచ్చు. ఈ ఆరు శుక్రవారాల ఉపవాసమూ ఆ బండి కోసమే.

మార్తమ్మ గంటెతో దాల్చా కలిపి అరచేతిలో పోసుకుంది. చేయి నోటి దాకా తెచ్చింది. వెచ్చటి ఆవిరి పెదవులకు తగలగానే ఆకలి గుర్తొచ్చింది. ఐదు శుక్రవారాలు గడిచాయి. ఆరోది మూడు గంటల్లో ముగుస్తుంది. ఇంత దూరం వచ్చి ఇప్పుడు చెడగొట్టుకోవడమా? బక్కయ్య వాళ్లంతా తిన్నారు, తిరుగుతూనే ఉన్నారు.

చేయి వాల్చేసింది. దాల్చా వేళ్ల సందుల్లోంచి మోరీలోకి జారిపోయింది. కుళాయి కింద చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, సుద్దముక్క తీసి నాలుగు మూతల మీదా నాలుగు గీతలు గీసింది. నాలుగో గీత కూడా మిగతా మూడింటిలా తిన్నగానే పడింది.

క్యాంపు శామీర్‌పేట దాటాక, కట్టుబడి సగంలో ఉన్న పెద్ద పెద్ద బిల్డింగుల వెనక ఉంది. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు, రేకుల గుడిసెలు. మార్తమ్మ వెళ్లేసరికే జనం వరసగా నిలబడి ఉన్నారు. నరసింహ తెల్లచొక్కా వేసుకుని కంపెనీవాళ్లకు ఏదో వివరిస్తున్నాడు. వాళ్లలో ఒకమ్మాయి మూత మీది గీతను చూపించి ఇదేమిటని అడిగింది.

“గది మా మార్తమ్మ సంతకం మేడమ్,” అన్నాడు నరసింహ. “ఆమె తిననిది ఎవ్వరికి పెట్టం. మా సంస్థకు పునాదే గది.”

ఆ అమ్మాయి గీతను ఫొటో తీసుకుంది. మార్తమ్మ నవ్వింది. నవ్వు ముఖం మీద ఎంతసేపు ఉంచాలో ఆమెకు తెలియలేదు.

వడ్డించేది ముత్తమ్మ. అరవై దాటిన మనిషి, కూతురూ అల్లుడూ పోతే మనుమరాలు అశ్రితను పెంచుకుంటూ సైటులో ఊడ్చే పని చేస్తోంది. మొదటి ఏడాది పళ్లెం పట్టుకుని వచ్చేది, రెండో ఏడు గంటె పట్టుకుంది. ముసలిచేయి అయినా వడ్డనలో తేడా రాదు. అందరికీ ఒకే కొలత.

ముత్తమ్మ దాల్చాలో గంటె ముంచింది. గంటె అంచుకు అంటినది వేలితో తీసి నాకింది. అది ఆమె అలవాటు. ఒక్క క్షణం ఆగింది. మార్తమ్మ వైపు చూసింది. పక్కన బోర్లా పెట్టిన మూతను, దాని మీది గీతను చూసింది. తర్వాత గంటె ఎత్తి మొదటి పళ్లెంలో పోసింది. అందరికీ సరిపోతుందో లేదో అని చూస్తోందనుకుంది మార్తమ్మ. సరిపోయింది. పైఅంతస్తులో జ్వరంతో పడుకున్న ఇద్దరు పనివాళ్ల కోసం ముత్తమ్మ కొంత దాల్చా తన స్టీలు బకెట్లో కూడా పోసుకుని వెళ్లింది.

ఆరింటికి చర్చిలో మార్తమ్మ ఉపవాసం విడిచింది. రెండు అరటిపళ్లు, గ్లాసుడు మజ్జిగ. బండి దాదాపు ఖాయమని నరసింహ ఫోన్లో చెప్పాడు. దేవుడు విన్నాడని మోకాళ్ల మీద ఏడ్చింది పిచ్చిది.

శనివారం తెల్లవారేసరికి పదకొండు మంది సర్కారు దవాఖానలో ఉన్నారు. రాత్రంతా వాంతులు, విరేచనాలు. పెద్దవాళ్లలో చాలామందికి సెలైన్ ఎక్కించి మధ్యాహ్నానికల్లా పంపించేస్తామన్నారు. అశ్రిత సంగతే తేలలేదు. ఆరేళ్ల పిల్ల, ఒంట్లో నీరంతా పోయింది, మూత్రం రాలేదు. రేపటిదాకా ఏమీ చెప్పలేమని డాక్టరమ్మ అంది.

మార్తమ్మ మంచం పక్కన నిలబడింది. పిల్ల కళ్లు గుంటలు పడి ఉన్నాయి. సూది గుచ్చిన చేతికి అట్టముక్క కట్టారు. ముత్తమ్మ కింద కూర్చుని పిల్ల అరికాలు రుద్దుతోంది. మార్తమ్మను చూసి లేవబోయింది.

“కూసో అవ్వా, కూసో.”

“మీరెందుకు ఒచ్చిండ్రు మేడమ్, గింత పొద్దుగాల,” అంది ముత్తమ్మ. తప్పు తనదైనట్టు అంది.

తొమ్మిదింటికి నరసింహ వచ్చి మార్తమ్మను బయటికి పిలిచాడు. వెంట సైటు సూపర్‌వైజర్ సుధీర్. వరండాలోనే మాట మొదలైంది, వార్డు తలుపు తెరిచే ఉంది.

“అంతా కనుక్కున్న,” అన్నాడు నరసింహ. “గా ముసల్ది దాల్చాను బకెట్ల వోసింది. గా బకెట్టు సైటుల దేనికి వాడ్తరో ఎవనికెరుక? గా బకెట్లకెల్లే మళ్ల గంటె ముంచి పెట్టిందంట. గదే కారణం. మన గిన్నెల ఏం లేదు. నువ్వు తిన్నవ్ గద?”

మార్తమ్మ కొంగు ముడిని వేళ్లతో తడిమింది.

“మూత మీద గీత ఉండె. ఫొటో గూడ ఉన్నది కంపెనోళ్ల తాన,” అన్నాడాయన, ఆమె జవాబు అవసరం లేనట్టు.

సుధీర్ చేతులు కట్టుకున్నాడు. “మాకైతే క్యాంపుల గిసువంటి లొల్లి వద్దు సార్. గా ముసలామెను రేపే పంపిస్త. పొల్లను దీస్కొని ఊరికి వోతది.”

“ఊర్ల ఆమెకెవరున్నరు?” అని అడిగింది మార్తమ్మ.

“గది నాకేమెరుక అమ్మా.”

సుధీర్ వెళ్లిపోయాక నరసింహ గొంతు తగ్గించాడు. చెడ్డవాడేమీ కాదు, ఆయనకూ రాత్రి నిద్ర లేనట్టుంది. “మార్తమ్మా, సోంచాయించు. రోజుకు ఆరొందల మంది తింటున్నరు. మన గిన్నెల తప్పున్నదంటే తొమ్మిది హాళ్లోళ్లు గేట్లు మూస్తరు. నేను గూడ మూసుడే. మళ్ల గుంత, మళ్ల ఫినాయిల్. ఒక్క ముసలామె కోసం ఆరొందల మందిని ఉపాసం పండవెడ్తవా?”

ఉపాసం అన్న మాట దగ్గర ఆమె తలెత్తింది. ఆయనకేమీ తెలియదు. మామూలుగా అన్నాడు.

తలుపు అవతల ముత్తమ్మ పిల్ల అరికాలు రుద్దుతూనే ఉంది. అన్నీ వినబడి ఉంటాయి. ‘నేను బకెట్లోంచి పెట్టలేదు’ అని ఆమె ఒక్కమాట అనలేదు. మార్తమ్మ కూడా నోరు తెరవలేదు. ఆరొందల మంది అనుకుంది. మెట్లు దిగుతూ మళ్లీ అనుకుంది. ఇంటికి వచ్చాక ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా నాలుగో మూత మీది గీతే కళ్ల ముందుకొచ్చింది. ఎంత తిన్నగా గీసిందో!

ఆదివారం ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంది. రొట్టె పళ్లెం వరస వెంట చేతులు మారుతూ వచ్చింది. మార్తమ్మ దాన్ని అందుకుని, ముక్క తీసుకోకుండానే పక్కామెకు ఇచ్చేసింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి. వెనక వరసలో గిడియోన్ చూశాడు. బయట చెప్పులు వేసుకుంటూ అడిగాడు.

“ఏమైందక్కా? పానం బాగలేదా?”

“గిడియోన్, శుక్రారం దాల్చా నేను తినలె.”

అతను చెప్పు సగం తొడిగి ఆగిపోయాడు. “ఎందుకు?”

“ఉపాసమని.”

అతను చెప్పు పూర్తిగా తొడుక్కున్నాడు. “నేను గూడ ఉపాసమే గదక్కా. నన్నడిగినా తినకపోదును,” అన్నాడు. తమ్ముడి మాటలో ఓదార్పు ఉంది. దాన్ని తీసుకునే అర్హత తనకు లేదనుకుంది. “ఆటో దియ్యి,” అంది.

దారిలో దవాఖాన దగ్గర ఆగారు. అశ్రితకు తెల్లవారుజామున మూత్రం వచ్చిందట, గండం గడిచిందట. పదింటికి ముత్తమ్మ పిల్లను ఎత్తుకుని క్యాంపుకు వెళ్లిపోయిందని నర్సు చెప్పింది. మార్తమ్మ గోడకు చేయి ఆనించి నిలబడింది. పిల్ల బతికింది. ఇక చెప్పకపోతే ఏం పోయిందన్న ఆలోచన అప్పుడే, అక్కడే వచ్చింది. అంత సులువుగా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

క్యాంపులో ముత్తమ్మ గుడిసె ముందు సామాను కట్టి ఉంది. రెండు మూటలు, ఆ స్టీలు బకెట్టు. అశ్రిత మూటకు ఆనుకుని బిస్కెట్టు నాకుతోంది. సెలవు రోజు కావడంతో జనమంతా అక్కడే ఉన్నారు. సుధీర్ ఫోన్ చూసుకుంటున్నాడు. నరసింహ కారు దిగుతూ మార్తమ్మను చూసి, “నువ్వెందుకొచ్చినవ్?” అన్నాడు.

ఆమె మూటల పక్కకు వెళ్లి నిలబడింది. ఇంతమంది ముందు ఆమె ఎప్పుడూ పెద్దగొంతుతో మాట్లాడలేదు.

“అందరు ఇనుండ్రి. శుక్రారం నేను దాల్చా తినలె. తినకుండనే మూత మీద గీత గీసిన. నేను ఉపాసముంటి. తింటే ఉపాసం చెడ్తదని తినలె. గా బకెట్ల ఏం లేదు. ముత్తమ్మవ్వ తప్పేం లేదు. తప్పు నాది.”

పైన ఎక్కడో రేకు టకటకా కొట్టుకుంది.

“ఏం మాట్లాడుతున్నవ్?” నరసింహ ముఖం ఎర్రబడింది. “సోయిల ఉండే మాట్లాడుతున్నవా? బండి పోతది. హాళ్లు బందయితయి. నువ్వు పెట్టిన సంస్థను నీ చేతులతోటే బొందల పెడ్తున్నవ్.”

“పెట్టుకుంట అన్నా. గీత అబద్ధమైనంక ఇగ సంస్థ ఏమున్నది?”

ఆయన ఇంకేదో అనబోయి, చుట్టూ ఉన్న ముఖాలు చూసి, కారెక్కాడు. సుధీర్ ఫోన్ జేబులో పెట్టుకుని, “ఇగ ముసలామె ఉంటే ఉండనియ్యి. గని మళ్ల ఒక్కరు పడిపోయినా నేనూకోను,” అని ఎవరి వైపూ చూడకుండా చెప్పి వెళ్లిపోయాడు.

మార్తమ్మ ముత్తమ్మ ముందు కూర్చుంది. కాళ్లు పట్టుకోబోయింది. ముత్తమ్మ ఆ చేతుల్ని మధ్యలోనే ఆపింది.

“నువ్వు తినలేదని నాకు శుక్రారమే ఎరుక, బిడ్డా.”

ఇన్నేళ్లలో ఆమె నోట మేడమ్ అన్న మాట తప్ప మరోటి వినలేదు మార్తమ్మ.

“గంటె నాకంగనే తెలిసింది, పప్పు పులిసిందని. నువ్వు తినుంటే పెట్టకపోదువు.”

“మరెందుకు వడ్డించినవ్ అవ్వా?” మార్తమ్మ గొంతు అరుపులా వచ్చింది. “ఒక్కమాట చెప్పకపోతివి!”

“ఏమని చెప్పాలె? గా కంపెనోళ్ల ముంగట మీది పాడైందంటే నీ ఇజ్జత్ ఏంగావాలె? అన్నం పెడ్తుంటే వంక పెట్టినమని రేపటి సంది గిన్నె రాకపోతే ఎవల్నడగాలె?” ముత్తమ్మ జనం వైపు చేయి చూపింది. “నేనొక్కదాన్నేనా? అడుగు. అందరికెరుకే.”

మార్తమ్మ చుట్టూ చూసింది. కొందరు ముఖాలు తిప్పుకున్నారు. ముందు నిలబడ్డ ఒక బాలింత మాత్రం చంకలో బిడ్డను సర్దుకుని, “పుల్లగనే ఉండె అక్కా. గని అన్నం ఏడిగుండె. తిన్నం,” అంది.

“అశ్రితకు కూడా పెట్టినవా?”

“పెట్టిన,” అంది ముత్తమ్మ. పిల్ల తల నిమిరి, “పొద్దుగాల సంది దాని కడుపుల ఏం లేకుండె,” అంది.

మార్తమ్మకు ఏడుపు రాలేదు. ఏడిస్తే బాగుండేది. శుక్రవారం తనకూ ఆకలేసింది, ఈ మనుషులకూ వేసింది. తన ఆకలికి ఆరింటి దాకా గడువుంది. గడువు ఉన్న ఆకలితో ఆమె దాల్చా వద్దనగలిగింది. వీళ్లు వద్దనలేకపోయారు. ఐదేళ్లుగా నాలుగు క్యాంపుల్లో ఏ ఒక్కరూ కూర బాగాలేదని అనలేదు. తన కాపలా అంత గట్టిదని మురిసిపోయింది. వీళ్లకు నోరు లేకుండా చేశానని ఒక్కరోజైనా తోచలేదు.

సోమవారం హాలు గేటుకు తాళం ఉంది. మిగతా హాళ్లవాళ్లు ఫోన్లు ఎత్తలేదు, ఇద్దరు మాత్రం నాలుగు రోజులు చూద్దామన్నారు. మార్తమ్మ తన ఇంటి ముందు మూడు రాళ్లు పెట్టి, సుశీలతో కలిసి ఒక్క గిన్నెడు కిచిడీ వండింది. మిగతా మూడు క్యాంపులకు ఆ రోజు ఏమీ లేదు. ఆ మూడింటి సంగతి తలుచుకోకుండా ఉండటానికి ఆమె దారి పొడవునా గిన్నె చెవి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

క్యాంపులో ఎవరూ వరస కట్టలేదు. పళ్లేలు పట్టుకుని దూరంగా గుడిసెల ముందే నిలబడ్డారు. గిడియోన్ గిన్నె దించాడు. మూత మీద గీత లేదు.

మార్తమ్మ కొంగు ముడి విప్పి సుద్దముక్క తీసింది. ముత్తమ్మ చేతిలో పెట్టింది.

“నాకెందుకు బిడ్డా గిది?”

“ఇగ మీరే తిని సూడుండ్రి అవ్వా. బాగుంటేనే గీత గియ్యి. బాగలేకపోతే వాపస్ పంపియ్యి. పంపినా రేపు మళ్ల తెస్త. ఏం దొరికితే గది తెస్త, గని తెస్త.”

ముత్తమ్మ సుద్దముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. మూత తీసింది. అడుగు నుంచి కలిపి, అరచేతిలో ఇంత పెట్టుకుని నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. క్యాంపంతా ఆమె దవడల వైపే చూస్తోంది. మార్తమ్మకు అరగంట గడిచినట్టు అనిపించింది.

“ఉప్పు తక్కువైంది,” అంది ముత్తమ్మ.

అన్న తర్వాత ఆమే భయపడింది. చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. బాలింత, “గట్లనా, తే సూత్త,” అంటూ పళ్లెం పట్టుకుని వచ్చి, వేలితో తీసి నాలుక మీద వేసుకుని, “అవును, సప్పగున్నది,” అని తీర్పు చెప్పింది. వెనక నుంచి ఇంకొకాయన మిరపకాయ కూడా తక్కువే అన్నాడు, ఇంకా తినకుండానే. మార్తమ్మ కళ్లు నిండిపోయాయి. ఐదేళ్లలో తను తెచ్చిన తిండికి వచ్చిన మొదటి వంక అది.

అశ్రిత గుడిసెలోకి వెళ్లి, కాగితం పొట్లంలో ఉప్పు తెచ్చింది. ముత్తమ్మ ఉప్పు వేసి కలిపి, మళ్లీ రుచి చూసి, మూతను మోకాలి మీద పెట్టుకుని సుద్దముక్కతో ఒక గీత గీసింది. అది వంకరగా పడింది. మొదటి పళ్లెం నింపి మార్తమ్మకు ఇచ్చింది.

“కూసో. సోమారం గద, ఇయ్యాల ఉపాసం లేదు గద.”

మార్తమ్మ ముత్తమ్మ పక్కన కింద కూర్చుని ఒక ముద్ద తింది. “ఇంకొంచెం ఉప్పు పడ్తదేమో అవ్వా,” అంది.

“నీకేమెరుక, సాలు, తిను,” అంది ముత్తమ్మ, రెండో పళ్లెం అందుకుంటూ.